పద్నాలుగో చుక్క

మెదక్ బస్టాండు నుంచి పాపన్నపేట బస్సు ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు బయలుదేరాలి. ఆ రోజు ఆరు గంటల యాభై రెండు నిమిషాలకు బయలుదేరింది. పాపన్నపేటలో దిగాక మేము చేరవలసిన ఊరికి బండిబాట మూడు మైళ్ల ఆరు ఫర్లాంగులు. నా అంగ రెండడుగుల ఐదంగుళాలు కాబట్టి లెక్క ప్రకారం ఎనిమిది వేల నూట తొంభై మూడు అంగలు పడాలి. నేను లెక్కపెట్టినవి ఎనిమిది వేల రెండు వందల పది. ఆ పదిహేడు అంగల తేడా బాటలో రెండు చోట్ల బురదను తప్పించుకోవడం వల్ల వచ్చింది. ఊరి చావడి ముందుకు చేరేసరికి తొమ్మిది గంటల ఐదు నిమిషాలు. గ్రామసభ పది గంటలకని నోటీసులో ఉంది. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది.

పంచాయతీ సమితులు ఏర్పడిన ఏడో సంవత్సరం అది. నేను మెదక్ తాలూకా కచేరీలో సర్వేయరును. నాతో వచ్చినవారు హైదరాబాదులో ఒక కళాశాలలో రాజనీతి శాస్త్రం చెప్పే లెక్చరరు. కోస్తా జిల్లాల మనిషి, వయస్సు ముప్పై నాలుగు. ఒక గ్రామపటం నకలు కోసం మా కచేరీకి వచ్చి, నకలుకు మూడు రోజులు పడుతుందని తెలిసి, ఖిల్లా కింది వీధిలో నేను కిరాయికున్న ఇంటి పక్క గదిలోనే దిగారు. మూడు రోజులకని దిగిన మనిషి సెలవులన్నీ అక్కడే గడిపారు.

ఆయన పని ఒక బహుమతి కోసం. హైదరాబాదులోని ఒక విద్వత్సభ ప్రజాస్వామ్యీకరణపై విశిష్ట పరిశోధనకు రెండేళ్లకొకసారి పతకం ఇచ్చేది. పతకంతో పాటు ఐదు వందల రూపాయలు. అన్నిటికంటే ముఖ్యం, బహుమతి పొందిన గ్రంథాన్ని సభవారే అచ్చువేసి రాష్ట్రంలోని సమితులన్నిటికీ పంపేవారు.

ఆయన మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నేను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది.

"ప్రజాస్వామ్యం పెరిగిందని ఎట్ల తెలుస్తది సార్? దానికి కొలత ఏమిటి?"

ఆయన నవ్వారు. "అదేనండీ నా గ్రంథం. ఐదు కొలతలు పెట్టుకున్నాను. ఒక్కోదానికి ఇరవై మార్కులు."

ఆ ఐదింటిలో ఒకటి ఎన్నిక జరిగిన తీరు. పోటీలో తగాదాలు పడిన ఊరికి తక్కువ, సజావుగా ఓట్లు వేసుకున్న ఊరికి మధ్యస్థం, ఏకగ్రీవంగా సర్పంచిని ఎన్నుకున్న ఊరికి పూర్తి ఇరవై. ఆయన పట్టికలో మేము వెళ్లిన ఊరిది పైవరుస. అక్కడ సర్పంచి ఎన్నిక ఏకగ్రీవం. అందుకు సమితి ఒక ప్రశంసాపత్రం ఇచ్చింది, బడికి ఒక గది మంజూరు చేసింది. ప్రశంసాపత్రం అద్దం కట్టి చావడి గోడకు, నేలనుంచి ఆరడుగుల ఎత్తున వేలాడుతోంది.

ఐదు కొలతల మాట నన్ను వదలలేదు. నాకు అలవాటైన కొలతలకు గొలుసు ఉంది, కోణానికి యంత్రం ఉంది. మా కిటికీలోంచి కనిపించే చర్చి గోపురం ఎత్తును తోచక రెండుసార్లు లెక్కగట్టినవాణ్ణి. రెండు జవాబులకూ తొమ్మిది అంగుళాల తేడా వస్తే దాని కారణం కోసం ఒక ఆదివారమంతా వెతికాను. ఊళ్లో ప్రజాస్వామ్యాన్ని ఏ యూనిట్లతో కొలుస్తారో చూద్దామనే కుతూహలంతోనే నేను సెలవు పెట్టి ఆయన వెంట నడిచాను.

సభకు అరవై ముగ్గురు వచ్చారు. చావడి అరుగు ఎత్తు రెండడుగుల మూడంగుళాలు. దానిమీద ఆరుగురు కూర్చున్నారు: పటేలు, పట్వారి, పటేలు తమ్ముడైన సర్పంచి, ముగ్గురు వార్డు సభ్యులు. మహిళా సభ్యురాలి కోసమని వేసిన కుర్చీలో ఒక మీసాలాయన కూర్చున్నాడు.

లెక్చరరు పెన్సిలెత్తి అడిగారు. "మహిళా సభ్యురాలు రాలేదాండీ?"

పట్వారి మీసాలాయన వైపు చేయి చూపాడు. "వచ్చిండు గద సార్. గాయనే."

"ఆమె గురించి అడుగుతున్నాను."

"ఆమె పెనిమిటే సార్. ఇద్దరొక్కటే. ఆమె వొస్తె ఈయనకు వంట రాదు."

అందరూ నవ్వారు. మీసాలాయన కూడా నవ్వాడు. లెక్చరరు ఏదో రాసుకున్నారు.

నాకు రాయవలసిందేమీ లేదు. ఉత్త చేతులతో కూర్చోలేక ఎవరు ఎక్కడ ఉన్నారో ఒక కాగితంమీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో నాకొక వింత కనిపించింది. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఖాళీ చోటు కోసం చూడడం లేదు. ప్రతివాడూ నేరుగా ఒక చోటికి వెళ్లి అక్కడే ఆగుతున్నాడు. అరుగు దగ్గర నీడ ఉన్నా ఎండలోనే నిలబడినవాళ్లున్నారు. ఒకాయన రాకపోతే ఆయన చోటు సభ ముగిసేదాకా ఖాళీగానే ఉంది. పక్కవాళ్లు అందులోకి జరగలేదు. అలా చోటు స్థిరంగా ఉన్నవాళ్లు ఇరవై ఇద్దరు తేలారు. నేను గమనించిన వరుసలో నంబర్లు వేశాను.

మాట్లాడిన కాలాన్ని కూడా గడియారం చూసి రాశాను. సర్పంచి పంతొమ్మిది నిమిషాలు. పట్వారి ఏడు. మిగతా అరవై ఒక్కమంది కలిసి యాభై సెకన్లు. అందులో ముప్పై సెకన్లు దగ్గి గొంతు సవరించుకున్న ఒక ముసలాయనవి.

తిరుగుదారిలో ఆ కాగితం చూపిస్తే లెక్చరరు బాట మధ్యలో ఆగిపోయారు.

"ఇది నాకు కావాలండీ. ఉజ్జాయింపుగా కాదు, కొలతలతో కావాలి."

"కొలతలు లేకుంటే నేనియ్యను సార్," అన్నాను.

సభ అయిన తొమ్మిదో రోజున గొలుసుతో మళ్లీ వెళ్లాం. మా కచేరీ గొలుసు ముప్పై మూడు అడుగులది. గొలుసు చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం, లెక్క సుళువు. గొలుసుకు రెండు కొనలు కాబట్టి రెండో కొన పట్టడానికి మనిషి కావాలి. సర్వేయరు వస్తే గొలుసు పట్టే పని ఆ ఊళ్లో నీరడిది. చెరువు తూము తీసి మూసి, కాలువ కింద ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసే మనిషి నీరడి. ఆ పనికి ప్రతిఫలంగా కాలువ కింద ఎకరం పన్నెండు గుంటల మడి, ఆబి తాబి రెండు పంటలకూ ప్రతి రైతు కల్లంలోనూ గింజల వాటా. ఇతని తాత కూడా ఆ ఊరి నీరడే. మనిషికి నలభై దాటి ఉంటాయి. భుజంమీద తూము బిరడా లేపే తూము కర్ర లేకుండా అతణ్ణి ఆ రోజు ఒక్క క్షణం కూడా చూడలేదు.

అతను గొలుసు కొన పట్టుకుని కాసేపు చూశాడు.

"ఏం గొలుస్తున్నరు సారూ? భూమి గాడున్నది. ఈడ ఉత్త జాగ."

"సభనాడు ఎవరెక్కడ ఉన్నరో గొలుస్తున్న."

"మనుషులు ఇండ్లకు వోయినంక గొల్వవడితిరి." నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పాడు. "గొల్వుండ్రి, గొల్వుండ్రి. సర్కారు గొలుసు, సర్కారు దినం."

అయితే పని సాగేకొద్దీ అతనే నా తప్పులు దిద్దసాగాడు. నాలుగో చుక్క దగ్గర నేను నిలబడితే, "గాడ గాదు సారూ, ఆయన స్తంభానికి ఈపు ఆనిస్తడు, జానెడు ఇటు జరుగుండ్రి" అన్నాడు. తొమ్మిదో చుక్క మనిషికి ఎడమ చెవి వినపడదు కాబట్టి ఎప్పుడూ కుడిచెవి అరుగువైపు పెడతాడని చెప్పాడు. సభలో నేను ఒక్కసారి చూసింది అతను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. అతని దిద్దుబాట్లలో ఏదీ నా కాగితంనుంచి రెండడుగులకు మించి తేడా రాలేదు. నాకు పట్టలేనంత ఆసక్తి పుట్టింది. అచ్చులో లేని, ఎవరూ గీయని పటం ఒకటి ఆ ఊరి మనుషుల తలల్లో ఉంది.

పద్నాలుగో చుక్క వచ్చింది. నేను చెప్పకముందే అతను గొలుసు కొనతో నడుచుకుంటూ పోయి కాలువ గట్టుమీది ఒక రాతి పక్కన నిలబడ్డాడు.

"నా జాగ నాకెరుకే."

సర్పంచి కుర్చీనుంచి అక్కడికి ఒక గొలుసు, పైన పద్నాలుగడుగుల మూడంగుళాలు. మొత్తం నలభై ఏడడుగుల మూడంగుళాలు.

"గింత దూరమెందుకు?" అన్నాను.

"ఈడికెళ్లి తూము కనవడ్తది, అరుగుకాడి మాట ఇనవడ్తది. ఇంకింత దూరం వోతె పిలిస్తె ఇనవడదు, తిట్లు వడ్తయి. దగ్గరికి వోతె పిలువకుంటనే వడ్తయి."

లెక్చరరు చావడి నీడలోంచి లేచి వచ్చారు. మాటల్లో ఎన్నిక ప్రస్తావన తెచ్చారు. ఊరంతా ఒక్కమాటమీద నిలబడడం గొప్ప సంగతి అన్నారు. నీరడి తూము కర్రను ఒక భుజంనుంచి మరో భుజానికి మార్చుకున్నాడు. చావడి వైపు చూశాడు. ఆ వేళకు అక్కడ ఎవరూ లేరు.

"పోటీకి ఇంకొకాయన కాయితం ఏసిండు సారూ. కాలువ కొసకు ఎనిమిది ఎకరాల రైతు. వరి పొట్టకొచ్చిన దినాలు. పటేలు నాకు జెప్పిండు, కొసకు నీళ్లు వోవద్దని. పదకొండు దినాలు కొసకు వోయే తూము మూసిన. పదకొండో దినం పొద్దుగాల ఆయన కాయితం వాపసు తీసుకున్నడు. పగటీలికి తూము తీసిన. గంతే. అందరొక్కటైన్రు."

"మూసింది ఎవరు?" లెక్చరరు గొంతు తగ్గింది.

"నేనే సారూ. కర్ర నా తాన్నే ఉంటది గద."

లెక్చరరు తన నోటుపుస్తకం మూశారు. తర్వాత అతనే అన్నాడు.

"అడిగిన్రు కాబట్టి జెప్పిన. ఎవ్వరు అడగలే గిన్నొద్దులు. కని నా పేరు రాయకుండ్రి. పేరు వడ్డదంటే నీరడితనం పోతది, మడి పోతది. ఇంట్ల ఏడుగురం."

లెక్చరరు తన చేతిని ఛాతీమీద పెట్టుకున్నారు. "నీ పేరే కాదు, ఊరి పేరు కూడా రాయను. అది నా పూచీ."

నీరడి నా వైపు చూశాడు. నేను కూడా తల ఊపాను.

మెదక్‌కు తిరిగివచ్చాక ఆయన తన గ్రంథంలో ఇరవై ఆరు పేజీలు చించేశారు. ఏకగ్రీవానికి ఇరవై మార్కులనే కొలత కూలిపోయింది. రెండు రోజులు ఆయన సరిగా తినలేదు. మూడో రోజు హుషారుగా లేచి, అసలు పరిశోధన ఇప్పుడు మొదలైందన్నారు. ఇకపై ప్రశ్న ఒక్కటే: ఊరు ఒక్కమాటమీద నిలబడిందని కాగితం చెప్పినప్పుడు, ఆ మాటనుంచి ఎవరు ఎంత దూరంలో నిలబడ్డారు?

నేను పటం గీశాను. ట్రేసింగు గుడ్డ, నల్లసిరా, అంగుళానికి పదడుగుల స్కేలు. పటం పన్నెండు అంగుళాల పొడవు, తొమ్మిది వెడల్పు. అరుగు, స్తంభాలు, కాలువ, గట్టుమీది రాయి, ఇరవై రెండు చుక్కలు. ఊరి పేరు వేయలేదు. సర్వే నంబర్లు వేయలేదు. ఉత్తరపు బాణం వేశాను, స్కేలు గీత గీశాను, కాలువ వంపును గొలుసు కొలతల ప్రకారం అంగుళంలో పదోవంతు వరకు సరిగా దించాను. అవి లేనిదాన్ని మా వృత్తిలో పటం అనరు.

ఒక సమస్య మిగిలింది. పేర్లు లేకపోతే ఎవరు ఏమి చెప్పారో గ్రంథంలో ఎలా సూచించాలి? లెక్చరరు "ఒక గ్రామసేవకుడు" అని రాశారు. అది నాకు నచ్చలేదు. గ్రామసేవకులు ఊరికి అరడజను మంది ఉంటారు. చదివేవాడికి ఏ సేవకుడో, ఎక్కడ నిలబడినవాడో తెలియదు.

"నంబరు వెయ్యిండ్రి సార్," అన్నాను. "పద్నాలుగో చుక్క అనండ్రి. పేరూ ఉండదు, పటానికీ మాటకూ లంకె ఉంటది."

ఆయనకు ఆ సలహా ఎంత నచ్చిందంటే గ్రంథమంతా అలాగే మార్చారు. పదకొండు రోజుల తూము సంగతి పద్నాలుగో చుక్క చెప్పినట్టుగా అచ్చుకు సిద్ధమైంది.

ప్రతులు బైండు చేయించడానికి బజారులోని జిల్దుసాజు దగ్గరికి వెళ్లాం. తండ్రి కాలంనుంచి తాలూకా రికార్డులకు అట్టలు వేసే ముసల్మాను ఆయన. తెలుగు చదవడం రాదు. పటం మడతలు చూసుకోవడానికి విప్పి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఈ చుక్కలేంది సాబ్?"

"మనుషులు. సభల కూసున్నరు."

"అచ్ఛా." వేలితో మొత్తం ఒకసారి తడిమాడు. వేలు కాలువ పక్కన ఆగింది. "మరి ఈయన ఒక్కడు ఏంది, గంత దూరమున్నడు? కోపానికొచ్చిండా? జర దగ్గరికి పిలుస్తె గాదా?"

లెక్చరరు నవ్వారు. నేనూ నవ్వాను. చదువు రాని మనిషి కూడా పటాన్ని చదవగలిగాడని నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం వెనకాల ఉన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఎనిమిది నెలల తర్వాత బహుమతి ఆయనకే వచ్చింది. హైదరాబాదులో సభకు నన్నూ పిలిచారు. మెదక్‌నుంచి బస్సులో నాలుగు గంటల ప్రయాణం. రెండో వరుసలో నాకు చోటిచ్చారు. అధ్యక్షులవారు మాట్లాడుతూ, ప్రజాస్వామ్యీకరణను ఇంతవరకు అందరూ ఓట్లతో కొలిచారనీ, అడుగులతో కొలిచిన గ్రంథం తాము చూడడం ఇదే మొదటిసారి అనీ అన్నారు. లెక్చరరు పతకం అందుకుని వేదికమీదినుంచి నా వైపు చేయి చూపారు. అచ్చయిన పుస్తకాలు రెండు నాకు ఇచ్చారు. ఇంటికొచ్చి పటాన్ని కొలిచాను. అచ్చులో ఎనిమిదింట మూడు వంతులకు తగ్గింది, స్కేలు గీత కూడా సరిగ్గా అంతే తగ్గింది. పద్నాలుగో చుక్క ఇప్పటికీ నలభై ఏడడుగుల మూడంగుళాల దూరంలోనే ఉంది. తృప్తి పడ్డాను.

ఆ ఏటి జమాబందీకి, అంటే ఏడాది శిస్తు లెక్కల తనిఖీకి, పట్వారులందరూ లెక్కపుస్తకాలతో తాలూకా కచేరీకి వస్తారు. ఆ ఊరి పట్వారి తన కాగితాల చుట్టను నేరుగా నా బల్లమీద పెట్టాడు. అందులోంచి మొదట గ్రామపటం తీసి పరిచాడు. తర్వాత ఆ పుస్తకం తీసి, పటమున్న పేజీ విప్పి, పక్కన పెట్టాడు. సమితికి వచ్చిన ప్రతి అది. పైన సమితి ముద్ర ఉంది.

"సారూ, జర సూడుండ్రి. ఈ వంపు మాదే గద?"

నేను చూశాను. చూడవలసిన అవసరం లేదు.

"కాలువలు శానా ఊళ్లల్ల ఉంటయి," అన్నాను.

"ఉంటయి. వంపు ఊరికొకటి ఉంటది. ఇరువై ఏండ్లు ఈ నక్ష నా సంకల వెట్టుకోని తిరిగిన." అతని గొంతులో కోపం లేదు; తన పనితనాన్ని చూపించుకుంటున్న మనిషి గొంతు అది. "మస్తు గీసిండ్రు. ఉత్తరం బాణం గూడ ఏసిండ్రు, నాకు తిప్పుకునే పని గూడ లేకుండ జేసిండ్రు."

"పేర్లయితే లేవు."

"పేరెందుకు సారూ?" పద్నాలుగో చుక్కమీద చూపుడువేలు పెట్టాడు. "గాడ నిలవడేది ఒక్కడే. మీరు మొన్న గొల్సిండ్రు. మేము పుట్టినకాడికెళ్లి సూస్తున్నం. పేరు రాస్తె ఆ పేరుగలోళ్లు మా ఊళ్లె ముగ్గురున్నరు. జాగ రాసిండ్రు, ఒక్కడే మిగిలిండు."

అతను పటాన్ని మళ్లీ చుట్టసాగాడు.

"పటేలు ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమనలే. ఇద్వాంసులు మా ఊరికి పేరు దెచ్చిండ్రన్నడు. తూము కర్ర మాత్రం ఇంకోనికి ఇచ్చిండు. పంచాయతిల తీర్మానం గూడ అయింది. ఏకగ్రీవం."

పేరు తీసేస్తే మనిషి దాగుతాడనుకోవడం పట్నపు చదువులో అలవాటు. ఆ ఊళ్లో మనిషి పేరు కంటే అతను నిలబడే చోటు కచ్చితమైన గుర్తు. ఆ సంగతి నాకు తెలియక కాదు. తొమ్మిదో రోజున గొలుసు పట్టుకుని ఇరవై రెండుసార్లు రుజువు చేసుకున్నదే అది. రుజువు చేసుకున్నదాన్ని పక్కనపెట్టి, నంబరు అనే ముసుగు వేసి, ఆ ముసుగుకు స్కేలు గీశాను. సలహా నాది. లెక్చరరు రాసిన "ఒక గ్రామసేవకుడు" అలాగే ఉండి ఉంటే పట్వారికి అరడజను మంది అనుమానితులు మిగిలేవారు.

లెక్చరరుకు ఆ రోజే ఉత్తరం రాశాను. ఆయన సమితికి వరుసగా మూడు ఉత్తరాలు రాశారు, ఒకసారి స్వయంగా వెళ్లి వచ్చారు. నీరడిని మార్చడం పంచాయతీ అధికారమనీ, తీర్మానానికి వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదనీ జవాబు వచ్చింది. ఆ ఉత్తరాన్ని నాకు చూపిస్తూ, "మన గ్రంథానికి అనుబంధంగా వేయవలసిన పత్రం ఇది," అన్నారు. నవ్వలేదు.

నీరడి అప్పటికి మెదక్ వచ్చేశాడని తెలిసింది. స్టేషను వైపు పోయే రోడ్డు పక్కన ఒక బియ్యపు మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. లెక్చరరు పంపిన మూడు వందలు తీసుకుని ఒక మధ్యాహ్నం వెళ్లాను. తిండి వేళ. గోడ నీడలో జొన్నరొట్టె విప్పుకుని కూర్చున్నాడు. భుజంమీద తూము కర్ర లేకపోవడంతో మొదట పోల్చుకోలేకపోయాను.

"రాండ్రి సారూ. కూసోండ్రి. గొలుసు తేలేదా?"

ఏమి చెప్పాలో ముందే అనుకుని వెళ్లాను. అందులో ఒక్క వాక్యం కూడా పనికి రాలేదు. తప్పు నాదన్నాను. నంబరు వేయమన్నది నేనేనన్నాను.

అతను రొట్టె తుంచి నములుతూ విన్నాడు.

"సదివిపిచ్చుకున్న సారూ, మిల్లు గుమస్తాతోని. తూము సంగతి అంత సక్కగ రాసిండ్రు. నేను జెప్పినట్టే ఉన్నది, ఒక్క మాట ఎక్కువ లేదు." ఇంకో ముక్క తుంచాడు. "బొమ్మ గూడ సూసిన. నా జాగ తప్పు వోలే."

"తప్పు పోతే బాగుండేది."

"గట్లెట్ల? మీరు గొల్సిండ్రు గద."

అందులో ఎత్తిపొడుపు ఎంతో, మెప్పు ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. డబ్బు ఇస్తే లెక్కపెట్టి రొంటిన పెట్టుకున్నాడు. వద్దనడానికి అతనికి కారణమేమీ లేదు. నేను లేవబోతుంటే అడిగాడు.

"గా సారుకు బిళ్ల ఇచ్చిండ్రంట గద. ఎంతుంటది?"

"రెండు అంగుళాల అడ్డం. వెండిమీద బంగారు పూత."

"దానిమీద ఏం రాసున్నది?"

"ప్రజాస్వామ్యం మీద మంచి పరిశోధన చేసిండని."

"చేసిండు," అన్నాడు. "గది అబద్ధం గాదు."

ఆ తర్వాతి పంచాయతీ ఎన్నిక డెబ్బయ్యో సంవత్సరంలో వచ్చింది. ఆ ఊళ్లో ఈసారి ఇద్దరు నిలబడ్డారనీ, కాలువ కొస రైతు కాగితం వాపసు తీసుకోలేదనీ విన్నాను. పోలింగునాడు సైకిలుమీద వెళ్లాను. నాకక్కడ ఏ అధికారమూ లేదు. చూడాలని మాత్రమే ఉంది. నీరడి ఓటు ఆ ఊరి జాబితాలోనే ఉండిపోయింది. మెదక్‌నుంచి పొద్దున్నే బస్సులో వచ్చాడు. చావడి ముందు వరుసలో ఇరవై మూడో మనిషిగా నిలబడ్డాడు. ముందు పట్వారి అల్లుడు, వెనక స్తంభానికి వీపు ఆనించే నాలుగో చుక్క. మనిషికీ మనిషికీ మధ్య పద్నాలుగు అంగుళాలకు మించి ఎడం లేదు. వరుసకు చోట్లు లేవు. వచ్చినవాడు చివర చేరుతున్నాడు, చివరివాడు ముందుకు జరుగుతున్నాడు. ఆ ఊళ్లో అలాంటి అమరికను నేను అంతకుముందు చూడలేదు.

ఓటు వేసి వచ్చి అతను నా సైకిలు పక్కన నిలబడ్డాడు. కాలువ గట్టుమీద, రాతి దగ్గర, కొత్త నీరడి తూము కర్రతో నిలబడి ఉన్నాడు. ఇతను కళ్లు చికిలించి చూశాడు.

"సారూ, వాడు ముందట్కి వచ్చిండు."

"ఎక్కడ?"

"రాయి ఇవుతల ఉన్నడు. నేను రాయికి అవుతల నిలవడ్తుంటి. గొలువుండ్రి."

గొలుసు లేదు. సర్పంచి కుర్చీ వేసే చోటినుంచి అంగలతో కొలిచాను. పద్దెనిమిదిన్నర అంగలు, అంటే నలభై నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. పాత దూరంలో రెండడుగుల ఆరున్నర అంగుళాలు తగ్గింది. అంగల కొలతలో అడుగువరకు తప్పు ఉండవచ్చని అతనికి చెప్పాను. అయినా ఒకటిన్నర అడుగు తగ్గినట్టేనని అతను అన్నాడు. ఆ లెక్క సరైనదే. సాయంత్రం ఫలితం చెప్పారు. పటేలు తమ్ముడే మళ్లీ గెలిచాడు, ముప్పై ఒక్క ఓట్ల తేడాతో. కొస రైతుకు ఓట్లు పడ్డాయి. తర్వాత అతని మడికి నీళ్లు ఆగాయో లేదో నేను వెళ్లి చూడలేదు, చూసి ఉండవలసింది.

నేను ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో పటాలు గీశాను. మనుషులను చుక్కలుగా పెట్టిన పటం మళ్లీ గీయలేదు.

మొత్తం లెక్క ఇది. ఆ పటానికి అయిన ఖర్చు: ట్రేసింగు గుడ్డ గజంపావు, సిరా ఒక సీసా, నా సెలవులు నాలుగు రోజులు, పాపన్నపేటకు రానూపోనూ రెండు బస్సు ప్రయాణాలు, లెక్చరరు చించేసిన ఇరవై ఆరు పేజీలు. వచ్చినవి: పతకం ఒకటి, అచ్చుపుస్తకాలు నాకు రెండు, ఐదు వందల రూపాయలు; అందులో మూడు వందలు నీరడికి చేరాయి. నీరడికి పోయినవి: కాలువ కింద మడి ఎకరం పన్నెండు గుంటలు, ఏటా రెండు పంటల గింజల వాటా, మూడు తరాల పని, ఊళ్లో తాళం వేసిన ఇల్లు ఒకటి, తూము కర్ర ఒకటి.